ప్రోనోటు లేదు, వాట్సాప్ చాట్ ఉంది. కోర్టులో నిలుస్తుందా?

ఉప్పుటేరు | 6 సెప్టెంబర్ 2025

మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. 2023 జనవరిలో, సంక్రాంతికి కాస్త ముందు, మా ఊరి స్నేహితుడికి రొయ్యల చెరువు లీజు కోసం ఆరు లక్షలు చేబదులు ఇచ్చాను. నాలుగున్నర లక్షలు బ్యాంకు ద్వారా, లక్షన్నర చేతికి. మా మధ్య ప్రోనోటు లేదు, వడ్డీ మాటా లేదు. ఆ తర్వాత "పట్టుబడి అవ్వగానే సర్దేస్తా", "రేటు పడిపోయింది, ఈ పంటకి ఆగు" అని వాట్సాప్‌లో మెసేజ్‌లు, వాయిస్ నోట్లు పంపుతూ వచ్చాడు. మధ్యలో ఒకసారి నలభై వేలు ఫోన్‌లోనే వేశాడు.

ఈ మధ్య గట్టిగా అడిగేసరికి ఫేస్‌బుక్‌లో మా ఊరి గ్రూపులో నా ఫొటో పెట్టి "కాల్‌మనీగాడు" అని రాశాడు. జనం నాలుగు మాటలు అనేసరికి పోస్టు తీసేశాడు. మా తమ్ముడు తన ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచాడు. ఇప్పుడు చాట్‌లో మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ కూడా పెట్టాడు. పాతవి అలాగే ఉన్నాయి, కొత్తవి ఏడు రోజులకి పోతున్నాయి.

ఈ స్క్రీన్‌షాట్‌లు ప్రింట్ తీసి కోర్టుకిస్తే సరిపోతుందాండి? 65బి సర్టిఫికెట్ అంటున్నారు. అది ఎవరిస్తారు? మీసేవలో ఇస్తారా?

గాలివాటం | 6 సెప్టెంబర్ 2025

బ్రో, స్క్రీన్‌షాట్‌ని నమ్మే రోజులు పోయాయి. ఫేక్ చాట్ తయారుచేసే యాప్‌లు బోలెడు. అవి కూడా అక్కర్లేదు, మీ తమ్ముడి నంబర్‌ని మీ ఫ్రెండ్ పేరుతో సేవ్ చేసుకుని "ఆరు లక్షలు ఇస్తాను" అని కొట్టించుకుంటే చాలు, డీపీతో సహా అచ్చం వాడిలాగే కనిపిస్తుంది. అవతలి లాయర్ మొదటి ప్రశ్నే ఇది.

నల్లగౌను | 6 సెప్టెంబర్ 2025

గుంటూరు జిల్లా కోర్టుల్లో సివిల్ ప్రాక్టీసు చేస్తాను. ఉప్పుటేరు గారూ, ముందు మీరు అడగని సంగతి చెప్తాను. చేబదులుకి లిమిటేషన్, అంటే దావా వేసే గడువు, అప్పిచ్చిన రోజు నుంచి మూడేళ్లు. అడిగినప్పుడు ఇవ్వాలి అనుకున్నా సరే, లెక్క అప్పిచ్చిన తేదీ నుంచే. అంటే 2026 జనవరి లోపు దావా వేయాలి. సాక్ష్యం సంగతి తర్వాత, ముందు క్యాలెండర్ చూసుకోండి.

"వాట్సాప్‌లో ఇస్తానన్నాడు కదా, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి" అని ఎవరైనా చెప్తే నమ్ముకోకండి. లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 ప్రకారం బాకీ ఒప్పుకోలు రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఈమెయిల్‌లో ఒప్పుకున్నదాన్ని కర్ణాటక హైకోర్టు 2013లో చెల్లుతుందన్నది, దాన్ని పట్టుకుని వాట్సాప్ టెక్స్ట్ మీద వాదించొచ్చు. వాయిస్ నోట్ అయితే అసలు రాతే కాదు. నలభై వేలు జమ అయింది కదా అంటే, సెక్షన్ 19కి కూడా ఇచ్చినవాడి రాతో సంతకమో కావాలి. ఇవన్నీ గడువు దాటిపోయినవాళ్లు చేసే వాదనలు. మీకింకా నాలుగు నెలలు ఉంది.

ఇక సర్టిఫికెట్. ఫోన్‌లో ఉన్నదే ఈ కాపీలో ఉందని ధ్రువీకరించే కాగితం అది. మీసేవలో ఇవ్వరు. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్యాధారాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. 65బి ఇప్పుడు సెక్షన్ 63. ఆ తేదీకి ముందే నడుస్తున్న కేసులకి 65బి వర్తిస్తుంది, కొత్తగా వేసేవాటికి 63(4). మీది కొత్తది. ఫారం చట్టం చివర షెడ్యూల్‌లోనే ఉంది, రెండు భాగాలు. ఏ భాగం మీరు నింపి సంతకం చేస్తారు. బి భాగం ఎక్స్‌పర్ట్ చేయాలి.

హ్యాష్‌బాబు | 7 సెప్టెంబర్ 2025

హైదరాబాద్‌లో డిజిటల్ ఫోరెన్సిక్స్ పని చేస్తాను. లాయర్ గారు చట్టం చెప్పారు, నేను ఫోన్ సంగతి చెప్తాను. అన్నా, ఇవాళే చేయాల్సినవి ఇవి.

ఆ ఫోన్ మార్చకు, రీసెట్ చేయకు, వాట్సాప్ అన్‌ఇన్‌స్టాల్ చేయకు. ఎక్స్ఛేంజ్‌లో అస్సలు ఇవ్వకు. మాయమయ్యే మెసేజ్‌ల మీద నొక్కిపట్టి "కీప్" చేసే సౌకర్యం ఉంది కానీ పంపినవాడు దాన్ని రద్దు చేయగలడు, దాని మీద ఆధారపడలేం. కాబట్టి కొత్తగా వచ్చే ప్రతి మెసేజ్‌నీ వచ్చినరోజే భద్రం చేయాలి.

ఎలాగంటే, ఇంకో ఫోన్‌తో వీడియో తీయి. లాక్ తీయడం దగ్గర మొదలుపెట్టి, సెట్టింగ్స్‌లో ఫోన్ మోడల్, ఐఎంఈఐ నంబరు చూపించి, వాట్సాప్ తెరిచి, ఆ చాట్‌లో అతని పేరు మీద నొక్కితే వచ్చే పేజీలో నంబరు కనిపించేలా ఆగి, అప్పుడు చాట్ మొదటి నుంచి మెల్లగా జరుపుతూ రా. వాయిస్ నోట్లు ప్లే చేయి. మధ్యలో కట్ చేయొద్దు. గాలివాటం చెప్పిన కాంటాక్ట్ పేరు మార్చే ట్రిక్‌కి సమాధానం ఆ నంబరు పేజీయే.

తర్వాత చాట్ ఎక్స్‌పోర్ట్. మీడియాతో సహా చేస్తే దాదాపు పదివేల మెసేజ్‌లు, మీడియా లేకుండా నలభై వేల దాకా వస్తాయి. వచ్చేది మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో ఎవడైనా దిద్దగలడు. అందులో నువ్వు సేవ్ చేసుకున్న పేరే పడుతుంది, నంబరు కాదు. కాబట్టి అదొక్కటే చూపిస్తే నిలబడదు. వీడియో, ఫోన్, ఎక్స్‌పోర్ట్ మూడూ ఒకదాన్నొకటి బలపరచాలి.

ఎక్స్‌పోర్ట్ చేసిన జిప్ ఫైలుకి వెంటనే హ్యాష్ తీయి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకో, లోపల ఒక్క కామా మారినా మొత్తం మారిపోతుంది. విండోస్‌లో దీనికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్ సరిపోతుంది. షెడ్యూల్ ఫారంలో ఎస్‌హెచ్‌ఏ-1, ఎస్‌హెచ్‌ఏ-256, ఎండీ5, ఇతరములు అని టిక్ పెట్టే గడులున్నాయి. ఎస్‌హెచ్‌ఏ-256 వాడు. ఎండీ5 ఎప్పుడో బద్దలైంది, ఎస్‌హెచ్‌ఏ-1కి కూడా 2017లో రెండు వేర్వేరు ఫైళ్లకి ఒకే హ్యాష్ తెప్పించి చూపించారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ప్రశ్న పడకుండా ఉండటం మేలు.

రేపు ఇంకోసారి ఎక్స్‌పోర్ట్ చేస్తే హ్యాష్ వేరే వస్తుంది, కంగారుపడకు. మొదటిదాన్నే పట్టుకో, దాన్ని రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టు. ఇంకొక్కటి, ఫొటోలు, వీడియోలు లాయర్‌కి వాట్సాప్‌లో పంపకు. ఫొటో, వీడియోలను వాట్సాప్ కుదించి పంపుతుంది. ఫొటోలోపలి తేదీ, కెమెరా వివరాలు ఊడిపోతాయి, హ్యాష్ మారిపోతుంది. పెన్‌డ్రైవ్ చేతికివ్వు.

ఉప్పుటేరు | 7 సెప్టెంబర్ 2025

వీడియో తీశానండి. చాలా పొడుగొచ్చింది. అందులో మా ఇంటి గొడవలు, వాళ్ల చెల్లెలి పెళ్లి సంబంధం మాటలు కూడా ఉన్నాయి. అప్పు సంగతి ఉన్న ముక్కలే ఇవ్వకూడదా?

నల్లగౌను | 8 సెప్టెంబర్ 2025

మొత్తం భద్రంగా పెట్టండి, కోర్టులో అవసరమైనంతే గుర్తు పెట్టిద్దాం. సంభాషణలో ఒక ముక్క చూపిస్తే, దాని అర్థం తెలియడానికి ముందువెనకలు ఎంత కావాలో అంతా కోర్టు చూడొచ్చని సాక్ష్య అధినియం సెక్షన్ 33 చెప్తుంది. మీరు కత్తిరించిన ముక్క ఇచ్చారనుకోండి, మిగతాది ఎందుకు దాచారని అవతలివాళ్లు అడుగుతారు. ఆ చెల్లెలి సంబంధం మాటలు మీకే పనికొస్తాయి, ఎందుకో తర్వాత చెప్తాను.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టుకునే అలవాటు ఉంది కదా అందరికీ. ఆ మెసేజ్‌లని ఉన్నవి ఉన్నట్టు ఒక వరసలో, తెలుగు లిపిలో పక్క వరసలో టైప్ చేయించండి. వాయిస్ నోట్లయితే తేదీ, సమయం, ఎన్ని సెకన్లు అన్నది వేసి, "ఊఁ", "ఒరేయ్" తో సహా మాటకి మాట రాయండి. అందంగా సవరించకండి. జడ్జి గారు ఆడియో వినేటప్పుడు కాగితం మీదున్నదీ చెవికి వినిపించేదీ ఒకటిగా ఉండాలి.

మల్లెతీగ | 8 సెప్టెంబర్ 2025

టాపిక్ మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది ఫ్యామిలీ కోర్టు కేసు, హైదరాబాద్. నా భర్త నన్ను తిట్టిన మాటలు నా ఫోన్‌లో రికార్డయ్యాయి. చెప్పకుండా రికార్డ్ చేశాను కాబట్టి చెల్లదు అంటున్నారు ఆయన తరఫువాళ్లు. ఏదో పాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఉందట.

నల్లగౌను | 8 సెప్టెంబర్ 2025

ఉంది మేడమ్. 2008 లా రిపోర్టుల్లో ఉన్న రాయల భువనేశ్వరి కేసు. అందులో భర్త, భార్య తన పుట్టింటివాళ్లతో, స్నేహితులతో మాట్లాడుకున్న ఫోన్ సంభాషణలని రికార్డ్ చేశాడు. అది ఆమె గోప్యత హక్కుని భంగపరచడమే, పనికిరాదు అంది హైకోర్టు. మీ విషయం అది కాదు. మీతో ఆయన మాట్లాడింది మీరు రికార్డ్ చేశారు.

ఈ ఏడాది జూలై 14న సుప్రీంకోర్టు విభోర్ గార్గ్ కేసులో తేల్చింది. భార్యాభర్తల మధ్య కేసులో, వాళ్లిద్దరి మధ్య జరిగిన సంభాషణని ఒకరు రహస్యంగా రికార్డ్ చేసినా సాక్ష్యంగా తీసుకోవచ్చు అంది. పంజాబ్, హర్యానా హైకోర్టు వద్దన్నదాన్ని కొట్టేసింది. దానికితోడు ఫ్యామిలీ కోర్టు చట్టం సెక్షన్ 14 ఉంది. వివాదం తేల్చడానికి ఉపయోగపడుతుందనిపిస్తే, సాక్ష్య చట్టం లెక్కలో పడకపోయినా ఆ కోర్టు ఆధారాన్ని తీసుకోవచ్చు.

అలాగని ఆయన ఫోన్‌లో గూఢచారి యాప్ వేయడం, ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లడం చేయకండి. భార్యాభర్తలైనా సరే, ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మీ మీదే కేసు అవుతుంది. విభోర్ గార్గ్ తీర్పు చదవకుండా వాట్సాప్ ఫార్వర్డ్‌లో చూసి "ఇక ఏదైనా రికార్డ్ చేయొచ్చట" అని వచ్చే క్లయింట్లు ఈ మధ్య ఎక్కువయ్యారు.

మల్లెతీగ | 8 సెప్టెంబర్ 2025

ధన్యవాదాలు సార్. చాలా టెన్షన్ తగ్గింది.

గాలివాటం | 9 సెప్టెంబర్ 2025

నాకో డౌట్. ఫోనే తీసుకెళ్లి కోర్టులో పెడితే సర్టిఫికెట్ అక్కర్లేదు కదా? యూట్యూబ్‌లో ఒక లాయర్ గారు అలాగే చెప్పారు.

నల్లగౌను | 9 సెప్టెంబర్ 2025

ఆయన చెప్పింది తప్పు కాదు. 2014లో అన్వర్ వర్సెస్ బషీర్ కేసులో సుప్రీంకోర్టు కాపీకి సర్టిఫికెట్ తప్పనిసరి అంది. 2018లో షఫీ మహమ్మద్ కేసులో కాస్త సడలించింది. మళ్లీ 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి ఆ సడలింపుని తీసేసింది. మహారాష్ట్ర జాల్నాలో ఎన్నికల నామినేషన్ పత్రాలు గడువు దాటాక తీసుకున్నారా అన్న గొడవ, వీడియో ఫుటేజి మీద నడిచింది. అందులోనే చెప్పారు, ఫోన్ సొంతదారు స్వయంగా బోనెక్కి, ఇది నాది, దీన్ని నేనే వాడాను అని అసలు పరికరాన్నే చూపిస్తే సర్టిఫికెట్ అవసరం లేదు అని.

కొత్త చట్టం సెక్షన్ 57 వివరణలు ఇంకొంచెం ముందుకెళ్లాయి. సరైన కస్టడీ నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ రికార్డు, ఎవరూ వివాదం చేయనంతవరకు, ప్రాథమిక సాక్ష్యమే అంటున్నాయి. అలాంటప్పుడు 63(4) సర్టిఫికెట్ ఎప్పుడు కావాలి, ఎప్పుడు వద్దు అన్న చర్చ ఉంది. మా బార్ రూమ్‌లో దీని మీద టీలు చల్లారిపోతాయి. కానీ మీ కేసుతో ఆ ప్రయోగం చేయకండి. ఫోన్ కోర్టులో పెడితే కేసు తేలేదాకా అక్కడే ఉంటుంది, ఛార్జింగ్ ఎవరు పెడతారు? సర్టిఫికెట్ వేయండి, ఫోన్ ఇంట్లో భద్రంగా పెట్టి అడిగినప్పుడు తెస్తాననండి.

చెరుకుతోట | 9 సెప్టెంబర్ 2025

బి భాగం ఎక్స్‌పర్ట్ అంటే ఎవరండీ? హైదరాబాద్ రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ సీఎఫ్‌ఎస్‌ఎల్‌కి మామూలు మనిషి వెళ్లి ఇవ్వమంటే ఇస్తారా?

హ్యాష్‌బాబు | 10 సెప్టెంబర్ 2025

సీఎఫ్‌ఎస్‌ఎల్ గానీ, రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఎఫ్‌ఎస్‌ఎల్ గానీ పోలీసులో కోర్టో పంపితేనే తీసుకుంటాయి. మనం నేరుగా పట్టుకెళ్తే గేటు దగ్గరే ఆపుతారు. ఐటీ చట్టం 79ఏ కింద కేంద్రం నోటిఫై చేసిన ల్యాబ్‌లున్నాయి, వాటి అభిప్రాయానికి బరువెక్కువ. కానీ సెక్షన్ 63 "ఎక్స్‌పర్ట్" అని మాత్రమే అంది, ఎవరో విడమరచలేదు. అందుకే ప్రైవేటు ఫోరెన్సిక్ పనివాళ్లం మేము బి భాగం సంతకం చేస్తున్నాం. చదువు, అనుభవం వివరాలు జతచేస్తాం, పిలిస్తే బోనెక్కుతాం. నువ్వు ఎవరి దగ్గరికెళ్లినా ఒకటి అడుగు: కోర్టుకి వస్తారా? రానన్నవాడి సంతకం ఎంత తక్కువకి దొరికినా వద్దు. ఫైలు చూడకుండా, నువ్వు చెప్పిన హ్యాష్ నంబరు ఎక్కించి సంతకం పెట్టేవాళ్లూ ఉన్నారు. తానే హ్యాష్ తీసి సరిచూడకపోతే క్రాస్‌లో రెండో ప్రశ్నకే దొరికిపోతాడు.

నల్లగౌను | 10 సెప్టెంబర్ 2025

ఏకీభవిస్తున్నాను. అవతలివైపు ఉన్నవాళ్లకి ఒక మాట: సర్టిఫికెట్ లేకుండా చాట్‌ని సాక్ష్యంగా మార్క్ చేస్తుంటే అప్పుడే లేచి అభ్యంతరం చెప్పాలి. కాల్ డేటా రికార్డుల విషయంలో సోనూ కేసులో సుప్రీంకోర్టు 2017లో ఇదే అంది, ట్రయల్‌లో నోరెత్తకుండా అప్పీల్లో సర్టిఫికెట్ లేదంటే వినలేమని.

రిటైర్డ్ హెడ్డు | 11 సెప్టెంబర్ 2025

పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. తమ్ముడూ, అప్పు గురించి స్టేషన్‌కి వెళ్తే "సివిల్ మేటర్" అనే అంటారు, అది సరైన మాటే. 1930 హెల్ప్‌లైన్ కూడా మీకు కాదు, అది డబ్బు కొట్టేసిన సైబర్ మోసాలకి. ఫేస్‌బుక్ పోస్టు పరువునష్టం కింద వస్తుంది, బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 356. పోలీసు నేరుగా కట్టే కేసు కాదు, మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లైంట్ వేసుకోవాలి. బెదిరింపులు, ఆడవాళ్ల ఫొటోలు, నకిలీ ప్రొఫైల్, అలాంటివైతే దారి వేరు. అప్పుడు పోలీసు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 94 కింద కంపెనీకి నోటీసిచ్చి ఖాతా ఏ నంబరుతో తెరిచారు, ఏ ఐపీ అడ్రసు నుంచి లాగిన్ అయ్యారు తెప్పిస్తారు. ఆ ఐపీ పట్టుకుని టెలికాం కంపెనీని అడిగితే మనిషి దొరుకుతాడు. ఒక్కో ఐపీ వందలమందికి పంచుతున్న రోజులివి కాబట్టి సెకన్లతో సహా సమయం కావాలి, పోర్టు నంబరు కావాలి. కంపెనీ ఇచ్చే టైము యూటీసీలో ఉంటుంది, మనకి ఐదున్నర గంటలు కలపాలి. అది కలపక వేరే మనిషి ఇంటికి వెళ్లిన కథలు మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాయి.

ఇప్పుడు ఫోన్ సీజ్ చేస్తే వీడియో తీయాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం. మధ్యవర్తుల రిపోర్టులో (పంచనామాలో) ఐఎంఈఐ, సిమ్ నంబరు, ఫోన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లోనా అన్నీ రాయాలి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టకుండా సీలు వేస్తే, బయటి నుంచి అన్నీ చెరిపేసే అవకాశముంది.

గాలివాటం | 11 సెప్టెంబర్ 2025

ఫేస్‌బుక్ వాళ్లు తీసేసిన పోస్టుల్ని 180 రోజులు దాచాలని ఐటీ రూల్స్ 2021లో ఉంది. అడిగితే ఇవ్వాలి!

హ్యాష్‌బాబు | 11 సెప్టెంబర్ 2025

జర ఆగన్నా. ఆ 180 రోజులు కంపెనీ తనంతట తానో, కోర్టు ఆర్డరు మీదో, ఫిర్యాదు మీదో తీసేసినవాటికి. ఇంకో 180 రోజులు ఖాతా మూసేసినవాళ్ల రిజిస్ట్రేషన్ వివరాలకి. మనిషి తనే డిలీట్ చేసుకున్న పోస్టు ఇందులోకి రాదు. డిలీట్ చేసినవి తమ సర్వర్ల నుంచి పూర్తిగా పోవడానికి 90 రోజుల దాకా పట్టొచ్చని మెటా చెప్తుంది. ఆ లోపు పోలీసులు భద్రపరచమని కోరితే ఆ ఖాతా రికార్డుల్ని 90 రోజులు దాస్తారు. మనలాంటివాళ్లు మెయిల్ పెడితే ఆటోమేటిక్ జవాబే వస్తుంది.

ఇకనుంచి ఎవరికైనా ఇలాంటి పోస్టు కనబడితే స్క్రీన్‌షాట్ ఒక్కటి చాలదు. కంప్యూటర్‌లో తెరిచి, పైన లింకు మొత్తం కనబడేలా, కింద తేదీ, గంటతో పేజీని భద్రపరచండి. పోస్టు లింకు, పెట్టినవాడి ప్రొఫైల్ లింకు విడిగా రాసుకోండి. ప్రొఫైల్ పేరు రోజుకోటి మార్చొచ్చు, ఖాతాకున్న అంకెల ఐడీ మారదు. ఎక్స్‌లో అయితే పోస్టు లింకు చివర అంకెలోనే అది పెట్టిన సమయం దాగి ఉంటుంది, మిల్లీసెకన్లతో సహా లెక్కకట్టొచ్చు. వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేయడం మంచిదే గానీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు అందులో సరిగా పడవు.

డల్లాస్ దొరబాబు | 12 సెప్టెంబర్ 2025

ఇక్కడ అమెరికాలో లిటిగేషన్ సపోర్ట్ పని చేస్తానండి. అమెరికా కోర్టులోనే సివిల్ కేసులో సబ్‌పీనా (సమన్లు) పంపినా ఫేస్‌బుక్ మెసేజ్‌ల కంటెంట్ ఇవ్వదు. 1986 నాటి స్టోర్డ్ కమ్యూనికేషన్స్ చట్టం అడ్డం. అందుకని మేము కంపెనీ వెంట పడం. అవతలి పార్టీనే తన ఖాతా డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసి ఇమ్మని డిస్కవరీలో, అంటే ట్రయల్‌కి ముందు ఆధారాలు ఇచ్చిపుచ్చుకునే దశలో, అడుగుతాం. ఫేస్‌బుక్‌లో ఎవరి డేటా వాళ్లు దించుకునే ఆప్షన్ ఉంది కదా. ఇక ఇక్కడ 2017 డిసెంబర్ నుంచి హ్యాష్ సరిపోయిందని అర్హతున్న మనిషి సర్టిఫై చేస్తే, కాపీ అసలుదేనని చెప్పడానికి సాక్షి రానక్కర్లేదు. మీ 63(4) వాసన దీనిలో కొంచెం ఉంది.

నల్లగౌను | 12 సెప్టెంబర్ 2025

ఇక్కడా చేయొచ్చండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 కింద ప్రశ్నావళి ఇవ్వొచ్చు, పత్రాలు చూపించమని అడగొచ్చు. చేతిలో ఉంచుకుని ఇవ్వకపోతే, ఇచ్చి ఉంటే అది అతనికే వ్యతిరేకంగా ఉండేదని కోర్టు అనుకోవచ్చు, సాక్ష్య అధినియం సెక్షన్ 119. మన జిల్లా కోర్టుల్లో ఈ ఆర్డర్ 11 వాడేవాళ్లు తక్కువ. ప్లెయింటు (దావా పత్రం), చీఫ్ అఫిడవిట్ (సాక్షి సొంత వాంగ్మూలం), క్రాస్, అంతే దారి అన్నట్టు నడుస్తాయి. నాకైతే ఎలక్ట్రానిక్ సాక్ష్యం కేసుల్లో సగం పని ట్రయల్‌కి ముందే ఈ కాగితాలతో అయిపోవాలనిపిస్తుంది.

ఉప్పుటేరు | 18 అక్టోబర్ 2025

మళ్లీ వచ్చానండి. ఇక్కడి లాయర్ గారితో నోటీసు ఇప్పించాను. మెసేజ్‌ల తేదీలు, వాటిలోని మాటలు అందులో రాయించాం. జవాబొచ్చింది. "నా క్లయింటు ఏ అప్పూ తీసుకోలేదు. బ్యాంకులో పడిన సొమ్ము పాత మేత బాకీ కింద మీరు చెల్లించినది. సదరు నంబరు నా క్లయింటుదే అయినా, ఆ ఫోను చెరువు వద్ద గుమాస్తా వాడేవాడు, మెసేజ్‌లతో నా క్లయింటుకి సంబంధం లేదు." ఇదీ జవాబు. ఇప్పుడేం చేయాలి? సర్టిఫికెట్ ఉన్నా గుమాస్తా కొట్టాడంటే పోయినట్టేనా?

నల్లగౌను | 18 అక్టోబర్ 2025

పోయినట్టు కాదు, వచ్చినట్టు. నంబరు తనదేనని రాతపూర్వకంగా ఒప్పేసుకున్నాడు. లేకపోతే మీరు టెలికాం కంపెనీకి సమన్లు వేయించి, వాళ్ల నోడల్ అధికారి సర్టిఫికెట్ తెప్పించి, ఆయన బోనెక్కేదాకా ఏడాది గడిచేది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. సర్టిఫికెట్ చెప్పేది ఒక్కటే: ఈ కాగితంలో ఉన్నది ఆ ఫోన్‌లో ఉన్నదే, మధ్యలో ఎవరూ చెడగొట్టలేదు అని. ఆ మాటలు ఎవరు కొట్టారో అది చెప్పదు, చెప్పలేదు. వాట్సాప్ మెసేజ్‌లు ట్రయల్‌లో చీఫ్, క్రాస్ ద్వారా రుజువు కావాల్సినవేనని అంబాలాల్ సారాభాయ్ కేసులో సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. సర్టిఫికెట్ చేతికొస్తే కేసు గెలిచామనుకునే క్లయింట్లకి నేను మొదట చెప్పేది ఇదే.

మరి ఎవరు కొట్టారో ఎలా చూపించాలి? ఒకటి, చెల్లెలి పెళ్లి సంబంధం మాటలు. కట్నం దగ్గర మధ్యవర్తి ఏమన్నాడో చెరువు గుమాస్తాకి ఎలా తెలుస్తుంది? రెండు, ఆ నలభై వేలు. "ఇవాళ కొంత వేస్తున్నా చూడు" అనే మెసేజ్‌కీ, అతని ఖాతా నుంచి మీకు జమైన సమయానికీ ఎంత తేడా ఉందో చూడండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌ని ఆ వరస పక్కనే పెట్టండి. మేత బాకీ మీరు అతనికి ఉంటే, అతను మీకు నలభై వేలు ఎందుకు వేసినట్టు? మూడు, వాయిస్ నోట్లు. గుమాస్తా గొంతు వేరు కదా. ఇద్దరికీ తెలిసిన మనిషిని సాక్షిగా పెట్టి గొంతు గుర్తుపట్టించొచ్చు. కాదంటే ఆర్డర్ 26 రూల్ 10ఏ కింద శాస్త్రీయ పరీక్షకి కోర్టు కమిషనర్‌ని వేయమని అడగొచ్చు. క్రిమినల్ కేసుల్లో గొంతు నమూనా ఇమ్మని మేజిస్ట్రేట్ ఆదేశించొచ్చని రితేష్ సిన్హా కేసు 2019లో తేల్చింది, ఇప్పుడది బీఎన్‌ఎస్‌ఎస్ 349లో ఉంది. సివిల్‌లో అంత తేలిక కాదు, కానీ కోర్టు అడిగినా ఇవ్వనంటే దాని ప్రభావం ఉంటుంది.

గుమాస్తా పేరు జవాబులో రాశారా? రాయకపోతే ఆర్డర్ 11 ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న అదే: ఎవరా గుమాస్తా, ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఆ ఫోన్ వాడాడు, ఆ రోజుల్లో మీరు ఏ నంబరు వాడారు.

హ్యాష్‌బాబు | 19 అక్టోబర్ 2025

వాయిస్ నోట్ల మీద ఈ మధ్య "ఏఐతో చేసిన గొంతు" అనే డిఫెన్స్ కూడా మొదలైంది. దానికి జవాబు ఫోన్‌లోనే ఉంటుంది. వాట్సాప్ వాయిస్ నోట్ ఓపస్ ఫైలుగా, తేదీతో కూడిన పేరుతో ఫోల్డర్‌లో కూర్చుంటుంది. డేటాబేస్‌లో దానికి వరస సంఖ్య ఉంటుంది. బయటి నుంచి తెచ్చి దూర్చిన ఫైలుకి ఆ వరస కుదరదు. అందుకే ఫోన్ ముట్టుకోవద్దని మొదటిరోజే చెప్పా.

గాలివాటం | 19 అక్టోబర్ 2025

ఒకవేళ ఇతనే దొంగ చాట్ సృష్టించి పెడితే? ఉప్పుటేరు గారిని అనట్లేదు, మాటవరసకి.

రిటైర్డ్ హెడ్డు | 19 అక్టోబర్ 2025

కోర్టు విచారణలో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే బీఎన్‌ఎస్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. అవతలివాడి ఫోన్‌లోనూ అదే చాట్ ఉంటుంది కదా, అతను తన ఫోన్ తెచ్చి చూపిస్తే అక్కడికక్కడే తేలిపోతుంది.

మోడరేటర్ | 20 అక్టోబర్ 2025

ఇద్దరు సభ్యులు తమ కేసుల స్క్రీన్‌షాట్‌లు ఫోన్ నంబర్లతో సహా ఇక్కడ పెట్టారు, తొలగించాం. నడుస్తున్న కేసుల కాగితాలు దయచేసి ఇక్కడ పెట్టకండి.

ఉప్పుటేరు | 5 డిసెంబర్ 2025

దావా పడిందండి, నంబరు వచ్చింది. ప్లెయింటుతోపాటు బ్యాంకు స్టేట్‌మెంట్, నోటీసు, దానికొచ్చిన జవాబు, చాట్ ప్రింటు రెండు వరసల టైపుతో, వాయిస్ నోట్ల రాతప్రతి, సీలు వేసిన కవరులో పెన్‌డ్రైవ్, 63(4) సర్టిఫికెట్ రెండు భాగాలూ పెట్టాం. ఎక్స్‌పర్ట్ ఏలూరు నుంచి వచ్చి ఫోన్ చూసి తనే హ్యాష్ తీసుకున్నారు. చేతికిచ్చిన లక్షన్నరకి మా బాబాయి సాక్షి. ఫేస్‌బుక్ పోస్టు స్క్రీన్‌షాట్ కూడా అదే సర్టిఫికెట్‌లో కలిపేశాం.

నల్లగౌను | 5 డిసెంబర్ 2025

చివరిది విడదీయండి. ఆ స్క్రీన్‌షాట్ మీ తమ్ముడి ఫోన్‌లో పుట్టింది. ఆ ఫోన్‌కి మీరు సర్టిఫికెట్ ఇవ్వలేరు, ఆయనే ఏ భాగం నింపాలి, ఆయనే సాక్షిగా రావాలి. పైగా డబ్బు దావాకి ఆ పోస్టు అవసరం లేదు, పరువునష్టం కంప్లైంటుకి దాచుకోండి. మొదటి వాయిదాకి ముందే మెమో వేసి సవరించిన సర్టిఫికెట్ పెట్టమని మీ లాయర్ గారికి చెప్పండి. ఆ పోస్టు కింద కామెంట్లు పెట్టినవాళ్లలో ఇద్దరి పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి, చదివినవాళ్లు సాక్షులుగా కావాలి.

ఉప్పుటేరు | 6 డిసెంబర్ 2025

తమ్ముడు సోమవారం ఏలూరు వెళ్తున్నాడండి, ఫోన్ పట్టుకుని. కామెంట్లు పెట్టినవాళ్లలో ఒకరు ఆ అప్పు తీసుకున్నవాడి బావమరిదే. ఆయన్ని పిలవొచ్చా?

నల్లగౌను | 6 డిసెంబర్ 2025

పిలవకండి. రెండోవాళ్లని చూడండి.